యాభై కిలోల రాయి

పాత ఇనుము కొనే మనిషి ఆ రాయిని తన ఎలక్ట్రానిక్ తూకం మీదికెత్తి, అంకెలు చూసి, నన్ను కేకేసి పిలిచాడు. "ఈడ సూడుమ్మా. రాయి మీద యాభై అని పోత పోసుండాది. తూకమేమో యాభై ఒకటీ ముప్పావు సూపిస్తా ఉండాది. మీకే మంచిదిలే" అని నవ్వాడు. తర్వాత దాన్ని బోర్లించాడు. అడుగున ఉండాల్సిన గుంట నిండా సీసం పోసి, పైన మసి పూసి ఉంది. "ఎవురో పనిగట్టుకోని పోసినారుమ్మా" అన్నాడు. లోపలి గదిలోంచి తెచ్చిన రెండో యాభై కిలోల రాయిని కూడా తూచాడు. అది సరిగ్గా యాభై తూగింది. నేను మండీ అరుగు మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ మనిషి నాకు ఎండ దెబ్బ తగిలిందనుకుని నీళ్ళ సీసా ఇచ్చాడు.

చిత్తూరులో మాది బెల్లం మండీ. ఇనపదైనా సరే మండీలో తూకపు గుండును రాయి అనే అంటారు. మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత మండీని ఎవరెవరికో బాడుగకిచ్చాం. ఇప్పుడు కొన్నవాళ్ళు కొట్టేసి కొత్తది కట్టుకుంటామంటే అక్కడే ఉండిపోయిన మా పాత సామాను తీయించడానికి నేను వెళ్ళాను. ఎన్నేళ్ళయినా ఆ గోడలకు బెల్లం వాసన పోలేదు. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. పాకం వాసన, తడిసిన గోనెపట్టాల వాసన, మా నాయన తమలపాకుల్లో పెట్టుకునే పచ్చకర్పూరం వాసన. బెల్లం అచ్చుల మీద కందిరీగలు ముసిరేవి. అవి మమ్మల్ని కుట్టేవి కావు, మేమూ వాటిని తోలేవాళ్ళం కాదు. పూతలపట్టు వైపు నుంచి, తవణంపల్లె వైపు నుంచి మొబ్బులోనే, ఇంకా తెల్లారకముందే, బండ్లు వచ్చి వీధి పొడవునా నిలబడేవి. మా నాయన తలస్నానం చేసి, నామం పెట్టుకుని, తట్టల కాటాను తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు మొదలుపెట్టేవాడు తూకం. మొదటి తూకానికి ఒకటి అనకూడదు, "లాభం" అనాలి. తర్వాతే రెండు, మూడు. ఆయన గొంతు ఎంత కమ్మగా ఉండేదంటే, వీధిలో పోయేవాళ్ళు కూడా ఒక్క క్షణం నిలబడేవాళ్ళు. రైతులు ఆయన్ని ధర్మరాజు అనేవాళ్ళు. తూచేటప్పుడు రాయి వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు, ఆయన మొహం వైపే చూసేవాళ్ళు.

కాటా పక్కన ఎప్పుడూ ఒక రాయి ఉండేది. రెండోది లోపలి గదిలో గోనెల కింద ఉండేది. రైతుల దగ్గర కొనేటప్పుడు బయటి రాయి, బయటి ఊళ్ళ వ్యాపారులకు అమ్మేటప్పుడు, తూనికల ఆఫీసరు ముద్ర వేయడానికి వచ్చినప్పుడు లోపలి రాయి. బయటి రాయితో తూచిన ప్రతిసారీ రైతుకు కిలోముప్పావు బెల్లం పోయేది. రాళ్ళు మారడం నేను రోజూ కళ్ళారా చూసిందే. అయినా బుర్రకు ఎక్కలేదు. ఒకటి అరిగిపోతుందని మార్చి మార్చి వాడతారనుకునేదాన్ని. ఆయుధపూజ రోజు అమ్మ రెండు రాళ్ళకూ గంధం రాసి కుంకుమ పెట్టేది. సీసం నింపిన రాయికి కూడా మేమంతా వరసగా నిలబడి దణ్ణం పెట్టుకున్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

ఆ కుంకుమలోంచి ఒక బొట్టు గోడ మీది బొమ్మకు కూడా పెట్టేవాళ్ళం. లక్ష్మీదేవి పటం పక్కనే ఒక నల్లజాతి అమెరికా బాక్సరు బొమ్మ. ఏదో పాత ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించి, అట్టకు అంటించి, అద్దం కట్టించాడు మా నాయన. కుర్రతనంలో బెల్లం వేసుకుని మద్రాసు పోయినప్పుడు అక్కడ డేరాలో కుత్తుసండ చూశాడట. బాక్సింగ్‌ను అరవంలో అలాగే అంటారు, మా ఇంట్లోనూ అదే మాట. అప్పటి నుంచి ఆయనకు ఆ పిచ్చి పట్టుకుంది. గోడ మీది మనిషి పేరును ఒక్కోసారి ఒక్కో రకంగా పలికేవాడు కానీ కథ మాత్రం ఎప్పుడూ ఒకటే. "ఆ కాలంలో లోకం మొత్తానికీ ఉండింది ఎనిమిది బరువులు. బరువుకొక చాంపియను. ఎనిమిది కిరీటాల్లో మూడు ఈయనొక్కడి నెత్తినే ఉండె, ఒకే తూరి! ఒకటి పోగొట్టుకోని ఇంకొకటి గెలవడం కాదు, మూడూ ఒకే తూరి!" అని మూడు వేళ్ళు పైకెత్తి చూపేవాడు. బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళకు చెప్పేవాడు, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పేవాడు. విన్నవాళ్ళు విసుక్కున్నా సరే, చెప్పేవాడు.

మా అన్న పేరు దామోదరం, ఇంట్లో దాము. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చేతులు పొడుగు, నడుము సన్నం, మెడ దాకా పెంచిన ఒత్తు జుట్టు. సైన్యంలో బాక్సింగ్ నేర్చుకుని పింఛనుతో వచ్చిన మునిరత్నం అనే హవల్దారు మా వీధిలోనే ఉండేవాడు. గోనెలో ఇసకా పొట్టూ కలిపి కుట్టి మా పెరట్లో దూలానికి వేలాడదీశాడు. మా అన్న దాన్ని పొద్దునా సాయంత్రం గుద్దేవాడు. మండీ రాళ్ళను ఎత్తి దించేవాడు. పెరట్లో పాదాలు మార్చి మార్చి తిరుగుతుంటే దుమ్ము లేచేది కాదు, అంత తేలిగ్గా కదిలేవాడు. నేను మెట్టు మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అతన్నే చూస్తుండేదాన్ని. ప్రపంచంలో మా అన్నను కొట్టగలిగేవాడు లేడని నా నమ్మకం.

తిరుపతిలో ఒక లాడ్జి యజమాని తన తండ్రి పేరు మీద బాక్సింగ్ పోటీలు పెట్టాడు. మూడు బరువులు, మూడు కప్పులు. యాభై ఒక్క కిలోల లోపు ఒకటి, యాభై నాలుగు లోపు ఒకటి, యాభై ఏడు లోపు ఒకటి. అసలు పోటీల్లో ఒకడు ఒక్క బరువులోనే దిగాలి. ఇక్కడ మాత్రం జనం రావాలని, కింది బరువులో తూగినవాడు ఇష్టమైతే పై బరువుల్లోనూ దిగొచ్చని పెట్టారు. ఆ కాగితం చదివిన రోజు మా నాయనకు అన్నం సయించలేదు. గోడ మీది మనిషి సాక్షాత్తూ దిగి వచ్చి పిలిచినట్టు అయిపోయాడు. మా అన్న అప్పటికి యాభై ఆరు ఉంటాడు. హవల్దారు మొదట్లోనే చెప్పేశాడు. "అన్నా, బిడ్డ యాభై ఏడులో దిగితే కప్పు మనదే. నాది పూచీ. ఐదు కిలోలు దించితే వాడి కాళ్ళల్లో సత్తువుండదు. సైన్యంలో కూడా ఇట్ల చెయ్యనీరు." మా నాయన నవ్వి, "ఒక కప్పు ఎవురైనా తెస్తారప్పా మునిరత్నం" అన్నాడు. మా అన్నను ఎవరూ అడగలేదు. అన్నం మానాల్సిన వాణ్ణి అడగాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆ నెల మా ఇల్లు ఇల్లులా లేదు. మాకు పొద్దున రాగిసంగటి, వేరుశెనక్కాయల ఊరిబిండి పచ్చడి. సంగటి ముద్ద పళ్ళెంలో పడగానే లేచే ఆవిరి వాసనకు అన్న పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. అతనికి ఒక కోడిగుడ్డు, రెండు ఉడకబెట్టిన బీన్సు. చివరి మూడు రోజులు అవి కూడా లేవు. నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టి తాగాలి. అమ్మ వంటింటి తలుపుకు గొళ్ళెం పెట్టడం నేర్చుకుంది. నలుగురు పిల్లల్ని కని ఇద్దర్ని దక్కించుకున్న తల్లి, కొడుకు అన్నం దగ్గరికి రాకుండా గొళ్ళెం పెట్టింది. ఆమె మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధమవుతుంది. ఆమె ఒక్కసారి అడ్డం తిరిగి ఉంటే బాగుండేది. ఆ కాలంలో అడ్డం తిరిగిన ఆడవాళ్ళు లేరని నాకు చెప్పొద్దు, మా అవ్వ తిరిగేది.

తిరుపతికి పోయే ముందు రోజు మధ్యాహ్నం అన్నను కాటా ఎక్కించారు. ఒక తట్టలో అతను గొంతుకూర్చున్నాడు, రెండో తట్టలో యాభై రాయి, దాని మీద ఒక కిలో రాయి. మా నాయన ముల్లు చూసి "లాభం!" అని అరిచాడు. ముల్లు నిటారుగా నిలబడింది. యాభై ఒకటి! కూలీలంతా చప్పట్లు కొట్టారు. మా నాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కాటా పక్కన ఏ రాయి ఉందో, ఎందుకుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి, సంతోషంలో దాన్నే ఎత్తి తట్టలో పెట్టాడు. రోజూ అబద్ధం తూచిన చెయ్యి కన్నకొడుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకు ఆగుతుంది? ఆ సాయంత్రమే అన్న పెరట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. నేను పక్కింటి నుంచి మజ్జిగ అడిగి తెచ్చి అరగ్లాసు ఇచ్చాను. వద్దని తల అడ్డంగా ఊపాడు. నేను ఏడ్చాను. అప్పుడు తాగాడు.

మర్నాడు తిరుపతిలో బడి హాల్లో తూకం. అక్కడ ఆసుపత్రి నుంచి తెచ్చిన తూకం యంత్రం ఉంది. అన్న ఎక్కాడు. యాభై రెండూ ముప్పావు. దిగి మళ్ళీ ఎక్కించారు. యాభై రెండూ ముప్పావే. చుట్టూ మా చిత్తూరు వాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు, మండీ వ్యాపారులు, బెల్లం రైతులు. అమ్మా నేనూ తలుపు దగ్గర నిలబడి ఉన్నాం. మా నాయన దవడ ఆగిపోయింది. తమలపాకు నములుతున్నవాడు నమలడం మానేశాడు. ఆ ఒక్క క్షణం నాకు ఇవాళ అర్థమవుతోంది. ఆ క్షణంలో ఆయనకు అంతా తెలిసిపోయింది. ఆ ఇరవై మంది ముందు ఒక్క మాట అంటే చాలు, "తప్పు నా రాయిది" అని. అనలేదు. అన్న చెంప మీద ఫెడీల్మని కొట్టి, "ఏం తినినావురా దొంగనాకొడకా? ఎవురు పెట్టినార్రా నీకు?" అన్నాడు.

అన్న తల దించుకుని చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ "నా బిడ్డ తినలే, నేను గొళ్ళెం పెట్టినా" అంటూనే, అనుమానంగా అన్న మొహంలోకి చూసింది. నేను? నేను అరగ్లాసు మజ్జిగ గుర్తొచ్చి అమ్మ చీర చాటుకు పోయాను. నా వల్లే అనుకున్నాను. నోరు తెరవలేదు.

హవల్దారు బతిమాలాడు. "అన్నా, పై రెండింటిలో దించుదాం. ఇప్పుడైనా నీళ్ళు తాగనీ." మా నాయన వినలేదు. "మూడంటే మూడే" అన్నాడు. నిర్వాహకులు రెండున్నర గంటలు గడువు ఇచ్చారు. అన్నకు రెండు స్వెట్టర్లు తొడిగి, పైన కంబళి చుట్టి, అలిపిరి మెట్ల మీదికి తోలారు. కొండకు నడిచిపోయే జనం మధ్య, మే నెల ఎండలో, కంబళి కప్పుకుని పైకి పరిగెత్తి కిందికి దిగి మళ్ళీ పైకి. ఏదో మొక్కుబడి అనుకుని యాత్రికులు "గోవిందా" అని దారిచ్చారు. ఒక ముసలామె చెంబుతో నీళ్ళు ఇచ్చింది. అన్న నోట్లో పోసుకుని, పుక్కిలించి, మెట్టు పక్కన ఉమ్మేశాడు. ఆమె తిట్టింది, పవిత్రమైన చోట ఉమ్ముతావా అని. మా నాయన గడియారం చూసుకుంటూ కింద నిలబడ్డాడు. చివరికి హాల్లో మళ్ళీ తూచాక ఇంకా వంద గ్రాములు మిగిలితే, దగ్గర్లోని మంగలిని పిలిచి గుండు కొట్టించాడు. ఆ ఒత్తు జుట్టు పోయాక మా అన్న తల ఎంత చిన్నదో నాకు తెలిసింది.

మొదటి బరువులో గెలిచాడు. ఎలా గెలిచాడో నాకు తెలియదు, అతనికీ తెలియదు. సాయంత్రం రెండో బరువులో రెండో రౌండులో ఎదుటివాడు గుద్దకముందే మోకాళ్ళ మీద కూలిపోయాడు. లేవబోయి పక్కకు ఒరిగాడు. హవల్దారు తాళ్ళలోంచి దూరి ఎత్తుకున్నాడు. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మా నాయన వార్డుకు రాలేదు. చిత్తూరు తిరిగొచ్చి మండీలో కూర్చుని, అడిగినవాళ్ళకల్లా చెప్పాడు, "నా కష్టమంతా మట్టి చేసినాడప్పా. రాత్రికి రాత్రి దొంగకూడు తినినాడు" అని. ఆ మాట ఊరికి అంటుకుంది. అన్న వీధిలో పోతుంటే "ఏమప్పా, ఈ పూట యాడ తింటివి?" అనేవాళ్ళు. అన్న మళ్ళీ గ్లౌజులు ముట్టలేదు. మండీలోనూ కూర్చోలేదు. బస్సుల గ్యారేజీలో మెకానిక్‌గా చేరిపోయాడు. గెలిచిన ఒక్క కప్పును మాత్రం మా నాయన మండీలో గోడ మీది బొమ్మ కింద పెట్టుకున్నాడు. అమ్మ చనిపోయే ముందు కూడా నన్ను అడిగింది, "ఆ పొద్దు వాడు తినినాడంటావా పాపా?" అని. ఇప్పుడవన్నీ ఎందుకని నేను మందు తాగించాను.

నేను ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. అరగ్లాసు మజ్జిగ ఎంత బరువుంటుందో నాకు తెలియదా? వంద గ్రాములు. మరి మిగతా కిలోన్నర పైన ఎక్కడి నుంచి వచ్చింది? ఆ లెక్క వేసుకునే వయసు వచ్చాక నాకు నేనే ఒక జవాబు చెప్పుకున్నాను, మిగతాది వాడే తిని ఉంటాడని. ఆ జవాబు నాకు హాయిగా ఉండింది. తప్పులో నా వాటా చిన్నదైపోయింది మరి. ఇప్పుడు ఫోనులో చూస్తే బరువులు పదిహేడు, ఒక్కో బరువుకు ముగ్గురూ నలుగురూ చాంపియన్లు, నడుముకూ భుజానికీ బెల్టులు వేలాడేసుకుని నిలబడతారు. పక్కన తూకం యంత్రం, డాక్టరు, ఏం తినాలో చెప్పడానికి ఒక మనిషి. మా నాయన కొలిచిన ఆ గోడ మీది మనిషి గురించి కూడా చదివాను. అతను తేలికైనవాడట. పై బరువులో దిగడానికి సరిపోక, తూకానికి ముందు కడుపునిండా నీళ్ళు తాగి ఎక్కాడట. మా నాయన ఆ కథను జీవితమంతా చెప్పాడు, ఈ ముక్క ఒక్కటి తెలుసుకోలేదు. ఆయన పూజించిన మనిషి నీళ్ళు తాగి గెలిచాడు, కన్నకొడుకు దాహంతో పడిపోయాడు.

పాత ఇనుము మనిషి వెళ్ళిపోగానే బస్సెక్కి తిరుచానూరు పోయాను. అన్న అక్కడే ఉంటాడు, రిటైరయ్యాక. వదిన గుడికి పోయింది. అన్న వసారాలో కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు తీస్తున్నాడు. నేను చెప్పులు కూడా విడవకుండా అంతా ఒకే ఊపిరిలో చెప్పేశాను, సీసం, రాయి, ముప్పావు. అతను ఒలవడం ఆపలేదు.

"నాకు తెలుసు పాపా" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"రోజూ ఎత్తేవాణ్ణి గదా. రెండు రాళ్ళకీ తేడా చేతికి తెలీదా?"

"మరి దాంతో తూస్తా ఉంటే నోరెందుకు తెరవలేదు?"

"నాయన లెక్కేసుకోనుంటాడులే అనుకున్నా. ఆయన రాయి గదా. ఆయనకు తెలీదా అనుకున్నా."

"సరే. తిరుపతిలో? అంతమంది ముందర కొడితే?"

"ఆడ మన రైతులు ఉండిరి. సెప్పుంటే మండీ మూతబడిపొయ్యేది. అమ్మ తలెత్తుకోని తిరుగుండేదా? నీ సదువు ఏమయ్యుండును?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మూతబడితే పడనీ! దొంగ తూకం మండీ మూతబడాల్సిందే. ఆ రైతుల బెల్లం ఎంత పోయిందో ఎవరికి తెలుసు? మమ్మల్ని కాపాడమని నిన్ను ఎవరడిగారు? దొంగ అనిపించుకుని బతికావు నలభై ఏళ్ళు! ఆయన అంత పని చేస్తే నువ్వు పోయి ఆయన పాడె మోశావు!" అని అరిచాను. ఎదురింటి వాళ్ళు తొంగిచూశారు. అన్న చేతిలోని కాయను చాటలో పెట్టాడు.

"నాయన కొట్టిన దెబ్బ ఆ పొద్దే మరిసిపొయ్యినా మే" అన్నాడు. "ఆయన సంగతి నాకు తెలుసు. ఆసుపత్రిలో రెండు దినాలు పండుకోనుంటి. నువ్వొస్తావని తలుపుకాడే సూస్తా ఉంటి. నువ్వు రాలే. ఇంటికొచ్చినాక గూడా వారం దాకా నా మొకం సూడలే. నువ్వూ నమ్మినావు గదా పాపా?"

నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చింది నేనని భయపడి రాలేదని చెప్పొచ్చు. అది సగమే నిజం. అవును, నమ్మాను, అన్నాను. అతను తల ఊపాడు. కోపంగా కూడా చూడలేదు. అలా చూసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. మళ్ళీ అనపకాయలు అందుకుంటూ, ఇదంతా రాస్తావేమో, రాయొద్దు, పోయినోళ్ళను గురించి ఎందుకులే అన్నాడు.

రాస్తున్నాను అన్నా. నువ్వు ఈ ఒక్కసారికి నా మాట విను. చిత్తూరు బెల్లం వీధిలో ఆ నవ్వులు నవ్వినవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే చదువుకోండి. మా నాయన రాయి దొంగది. మా అన్న దొంగ కాడు. ఆ మూడు రోజుల్లో అతను ఏమీ తినలేదు. అరగ్లాసు మజ్జిగ తాగాడు, అది నేనే ఏడ్చి తాగించాను. ఈ మాట నేను ఆ హాల్లోనే, అమ్మ చీర చాటు నుంచి బయటికి వచ్చి, ఆ ఇరవై మంది ముందు చెప్పి ఉండాల్సింది.